అనామక పాత్రల పూర్వగాథలు

పురాణకవి దృష్టిలో ఊరకే ఎదురుపడే ప్రాణి లేదు. దండకారణ్యంలో రామలక్ష్మణుల దారికి అడ్డు వచ్చిన విరాధుడు, అవసానకాలంలో, తాను తుంబురుడనే గంధర్వుడననీ, కుబేరుని శాపం చేత రాక్షసుడనైతిననీ చెప్పుకొంటాడు. కబంధునికీ అటువంటి కథయే ఉన్నది. కథ నడకను మాత్రమే చూచినట్లయితే, ఈ పూర్వవృత్తాంతాలు లేకపోయినా లోటు లేదు. ఒక రాక్షసుడు అడ్డు వచ్చినాడు, హతుడైనాడు, ప్రయాణం సాగినది. కాని వినేవారికి అంతటితో తృప్తి కలుగలేదు. వీడెవడు, ఎక్కడినుండి వచ్చినాడు, వీనికి ఈ రూపం ఎందుకు కలిగినది అన్న ప్రశ్నలకు సమాధానం కావలసివచ్చినది. ఈ కుతూహలం ఒక్క మన జాతికే పరిమితమైనది కాదనడానికి, ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధంలో అమెరికాలో పుట్టి పెరిగిన ఒక విజ్ఞాన కల్పనా ప్రపంచం మంచి నిదర్శనం. ఆ ప్రపంచం పేరు స్టార్ వార్స్.

జార్జి లూకాస్ రచించి దర్శకత్వం వహించిన ఆ పేరుగల చలనచిత్రం 1977 మే 25న అమెరికాలో విడుదలైనది. ఎక్కడో సుదూరంలో ఉన్న నక్షత్రమండలంలో ఒక సామ్రాజ్యానికీ, దానిపై తిరుగబడిన వారికీ జరిగే పోరు అందలి ఇతివృత్తం. టాటూయిన్ అనే ఎడారి గ్రహం మీద మోస్ ఐస్లీ అనే రేవుపట్టణం ఉన్నది. ల్యూక్ స్కైవాకర్ అనే పల్లెటూరి యువకుడు, వృద్ధుడైన ఓబీవాన్ కెనోబీతో కలిసి, ఓడ బేరమాడుకొనేందుకు అక్కడి పానశాలలో అడుగు పెడతాడు. ఆ గదిలో మసక వెలుతురు. ఒక మూల వాద్యగోష్ఠి. బల్లల చుట్టూ రకరకాల ముఖాలు. కొమ్ములవాడొకడు, సుత్తివంటి తలవాడొకడు, తోడేలు మోమువాడొకడు, గబ్బిలాన్ని పోలిన చిన్న ప్రాణి ఒకటి. కెమెరా ఒక్కొక్క ముఖం మీద ఒకటి రెండు క్షణాలకంటె నిలువదు. దృశ్యం మొత్తం కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. ఆ ముఖాలలో పెక్కింటికి మాట లేదు, పేరు లేదు, కథలో నిర్వహించవలసిన కార్యం లేదు. పల్లెటూరి యువకుడు ఎంత పెద్ద లోకంలోనికి వచ్చి పడినాడో చూపించడం ఒక్కటే వాటి పని.

అయినను నేడు ఆ గదిలోని దాదాపు ప్రతి ముఖానికీ ఒక పేరు, ఒక జాతి, ఒక జన్మస్థానం, ఒక గతం ఉన్నవి. అవి ఎట్లు వచ్చినవి? ఎవరు కల్పించినారు? ఆ కల్పనవలన ఆ పాత్రలకు కలిగిన లాభమేమి, నష్టమేమి? ఈ విషయాలను విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

మొదట గ్రహించవలసినది, ఆ ముఖాలు ముందుగా ఆలోచించి నిర్మించిన ఒక విశ్వప్రణాళికనుండి దిగివచ్చినవి కావు. చాలమట్టుకు అవి కొరతనుండి పుట్టినవి. 1976లో ఇంగ్లండులోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో ఈ దృశ్యాన్ని చిత్రించే కాలంలో, వేషాలు తీర్చే స్టూవర్ట్ ఫ్రీబోర్న్ జబ్బుపడినాడు. అనుకొన్నన్ని వింతజీవులు సిద్ధం కాలేదు. తీసినంతవరకు లూకాసుకు తృప్తి కలుగలేదు. తరువాత, చిత్రం విడుదలకు కొద్ది నెలల ముందు, కాలిఫోర్నియాలో రిక్ బేకర్ బృందం మరికొన్ని ముఖాలను సమకూర్చగా, వాటిని విడిగా చిత్రించి మధ్యమధ్య అతికినారు. వ్యవధి తక్కువ, ధనం తక్కువ. అందువలన కొత్తగా చేసినవాటితోపాటు అదివరకే ఉన్న మాస్కులను కూడ వాడుకొన్నారు. తోడేలు మోమువాడు అట్లు వచ్చి చేరినవాడే. ఏ భయానక చిత్రంలోనో తిరుగవలసిన తొడుగు ఒకటి, అవసరం కొద్దీ, నక్షత్రమండల పౌరుడైనది. అంతేకాదు, ఆ పానశాలలో మద్యపాత్రల సామగ్రిగా అమర్చిన లోహభాగాలు విమానయంత్రాలనుండి తెచ్చినవి. ఆ భాగమే 1980లో వచ్చిన రెండవ చిత్రం 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో ఐ.జి. 88 అనే యంత్రమానవునికి తల అయినది. వస్తువు ముందు, వేషం తరువాత, కథ అన్నిటికంటె చివర. కార్యం పుట్టిన తరువాత కారణాన్ని వెదకి తెచ్చుటే ఈ ప్రపంచంలో చరిత్రరచనా విధానమైనది.

ఆ ముఖాలకు తొలి పేర్లు పెట్టినవారు కవులు కారు. ఊళ్ళో కొత్తగా వచ్చిన మనిషిని ముక్కునో నడకనో చూచి పిలిచినట్లు, పనివారు ఆకారాన్నిబట్టి పిలిచిన పిలుపులే అవి: సుత్తితలవాడు, వాల్రస్ మనిషి, వంకరపంటివాడు. కెన్నర్ అనే బొమ్మల సంస్థ ఈ చిత్రపాత్రలను చిన్న బొమ్మలుగా చేసి అమ్మినప్పుడు, ఇవే అట్టపెట్టెలమీదికి ఎక్కినవి. ఆ బొమ్మలలో వంకరపంటివాని కథ చెప్పుకోదగినది. బొమ్మ చేసేవారికి అందిన ఛాయాచిత్రంలో వాని నడుము పైభాగం మాత్రమే కనిపించినది. కింది భాగాన్ని వారు ఊహించి, నిలువెత్తు మనిషిగా చేసి, నీలపు దుస్తులు, పొడవాటి బూట్లు తొడిగి 1978లో అమ్మకానికి పెట్టినారు. నిజానికి చిత్రంలోని వాడు పొట్టివాడు, దుస్తులు ఎరుపు. తప్పు తెలిసిన తరువాత పొట్టి బొమ్మను వేరుగా చేసినారు. పొడుగువాడు అరుదైన వస్తువుగా మిగిలినాడు. కనబడని సగాన్ని ఊహతో పూరించడమనే ఈ కళకు ఆ నీలపు బొమ్మకంటె స్పష్టమైన చిహ్నం ఉండదు.

పిల్లల చేతిలోని బొమ్మకు పిలుపు ఒక్కటి చాలును. అది ఎవరైనదీ, ఏమి చేయవలసినదీ పిల్లవాడే నిర్ణయిస్తాడు. కాని 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ అనే సంస్థ, కొందరు బల్ల చుట్టూ కూర్చొని పాత్రలు ధరించి మాటలతో నడుపుకొనే ఆట నొకదానిని ఈ ప్రపంచం ఆధారంగా వెలువరించినప్పుడు పరిస్థితి మారినది. ఆటగాళ్ళు పానశాలలోనికి ప్రవేశించి, చిత్రంలో ల్యూక్ వలె ఊరక చూచి పోరు. పక్కన కూర్చున్నవానిని పలుకరిస్తారు. నీవెవరవు, నీ భాష ఏది, మీ దేశంలో ఏమి పండుతుంది అని అడుగుతారు. ఆట నడిపేవాడు తడుముకొనకుండా జవాబు చెప్పవలెను. ఆ అవసరాన్ని తీర్చుటకు బిల్ స్లావిచెక్, కర్టిస్ స్మిత్ అనువారు ఒక ఆకరగ్రంథాన్ని కూర్చినారు. దానివెంట మరికొన్ని వచ్చినవి. వేషానికి జాతి ఏర్పడినది. జాతికి గ్రహం, గ్రహానికి వాతావరణం, దానికి తగిన ఆచారాలు ఏర్పడినవి. సుత్తితలవాడు ఇథోరియన్ జాతివాడై, మొమావ్ నేడన్ అనే పేరు పొందినాడు. టిమొతీ జాన్ కొత్త నవలలు వ్రాయ పూనుకొన్నప్పుడు, చిత్రసంస్థవారు ఆయనకు ఆధారంగా పంపినవి ఈ ఆట పుస్తకాలే. ఆటకొరకు కూర్చిన జాబితా ఆ విధంగా ఒక ప్రపంచానికి భూగోళశాస్త్రమూ చరిత్రా అయినది.

జాబితా కథ కాదు. కొలతలూ అలవాట్లూ తెలిసినంతమాత్రాన మనిషి తెలిసినట్లు కాదు. ఆ మెట్టు దాటినది 1995లో. కెవిన్ జె. ఆండర్సన్ సంపాదకత్వాన 'టేల్స్ ఫ్రమ్ ది మోస్ ఐస్లీ కాంటీనా' అనే సంపుటం వెలువడినది. పదునారు కథలు, అన్నీ ఆ ఒక్క పానశాలను అంటిపెట్టుకొన్నవే. పొగగొట్టం తాగేవాని కథ, సుత్తితలవాని కథ, పానశాల నడిపేవాని కథ అంటూ సాగే ఆ పేర్లు, ఇంగ్లీషు సాహిత్యం చదివినవారికి, ఒక సత్రంలో కలిసి ఒకరికొకరు కథలు చెప్పుకొన్న చాసర్ యాత్రికులను జ్ఞాపకానికి తెస్తవి.

ఈ సంపుటంలో డేవ్ వుల్వర్టన్ వ్రాసిన సుత్తితలవాని కథను చూడండి. చిత్రంలో వికారంగా కనిపించే ఆ తల, ఈ కథలో ఒక భక్తుని తల. ఇథోరియన్లు తమ అడవిని తల్లిగా కొలిచేవారు. కోతలో ఒక మొక్కను నశింపజేసినట్లయితే రెండు మొక్కలు నాటవలెనన్నది వారి ధర్మం. తన లోకాన్ని సామ్రాజ్యపు సేనాని నాశనం చేయకుండ కాపాడుటకై, చెప్పగూడని వ్యవసాయ రహస్యాలను చెప్పినందుకు నేడన్ బహిష్కృతుడైనాడు. ఎడారి గ్రహంలో దాగి, తోట పెంచుకొంటున్నాడు. తనకు ఆ గతి పట్టించిన సేనాని ఒకనాడు అదే పట్టణంలోనికి వస్తాడు. పగ తీర్చుకొనవలెనా, ప్రాణిహింస కూడదన్న ధర్మాన్ని నిలుపుకొనవలెనా? ఈ సంకట మంతా, తెరమీద క్షణకాలం కనిపించిన ఒక రబ్బరు తొడుగు వెనుక రచయిత చూడగలిగినది. ఎడారిలో తోట పెంచే నిర్వాసితుడు ఆనాటినుండి చదువరికి సుత్తితలవాడుగా కనిపించడు.

డేనియల్ కీస్ మొరాన్ వ్రాసిన కొమ్ములవాని కథ ఇంతకంటె కఠినమైనది. అతడు ఒకప్పుడు సైన్యాధికారిగా బందీలను చంపించినవాడు. నేడు పేరు మార్చుకొని తిరుగుతున్నాడు. అతనికి మిగిలిన ప్రేమ ఒక్కటే, సంగీతం. ఆ పానశాలకు వచ్చేది కూడ అందుకొరకే. రచయిత అతని నేరాన్ని క్షమించడు, సంగీతాన్ని లాగుకొనడు. ఎం. షేన్ బెల్ కథలోని వ్యక్తి గాలినుండి తేమను పిండి నీరు తీసే రైతు. ఎడారిలోని మూడు జాతులు ఒకరినొకరు చంపుకొనకుండ బ్రతుకుటకు పొలిమేరల పటం గీయవలెనని అతని పట్టుదల. అతని పోరాటం చిత్రకథలోని పోరాటం కాదు. నక్షత్రమండలం తలక్రిందులౌతున్నా, ఆ రైతుకు తన సరిహద్దే ముఖ్యం. యుద్ధాల చరిత్ర చదివినవారికి ఇటువంటి మనుష్యులు కొత్తవారు కారు.

ఇక్కడ మన దేశంలోని ఒక సాహిత్యవివాదం జ్ఞాపకం రాకమానదు. 1907లో ప్రకటితమైన 'ప్రాచీన సాహిత్య' గ్రంథంలోని 'కావ్యేర్ ఉపేక్షిత' అనే వ్యాసంలో రవీంద్రనాథ ఠాకూరు, మహాకవులు పేరు చెప్పి విడిచివేసిన స్త్రీలను తలచుకొన్నారు: రామాయణంలోని ఊర్మిళ, శాకుంతలంలోని అనసూయా ప్రియంవదలు, కాదంబరిలోని పత్రలేఖ. తరువాత హిందీలో మైథిలీశరణ్ గుప్త 1931 నాటి 'సాకేత' కావ్యంలో ఊర్మిళకు గొంతునిచ్చినారు. తెలుగు ఇల్లాండ్రు అంతవరకు వేచియుండలేదు. 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాటలో, పదునాలుగేండ్లు నిద్రపోయిన ఊర్మిళ, తిరిగివచ్చిన భర్తను పరపురుషుడనుకొని మందలిస్తుంది. మన కాలంలో ఓల్గా 'విముక్త'లో ఊర్మిళ, అహల్య, రేణుక, శూర్పణఖలకు సీతతో సంభాషణ కల్పించినారు; ఆ గ్రంథానికి 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది.

ఊర్మిళకూ, పానశాలలోని కొమ్ములవానికీ పోలిక యేమిటని ఎవరైన అడుగవచ్చును. భేదం నిశ్చయంగా ఉన్నది. ఊర్మిళను కవి తెలిసి విడిచినాడు. ఆమె దుఃఖం కావ్యంలో లేకపోయినా కావ్యానికి తెలుసును. కొమ్ములవానిని ఎవరూ విడువలేదు. వానిని గూర్చి ఎవరూ తలచనేలేదు. అయినను రెండు సందర్భాలలోను చదువరి అడిగినది ఒక్కటే: నాయకుని చూపు తొలగిన తరువాత వీరి బ్రతుకు ఏమైనది? ఈ ప్రశ్న అడుగనేర్చినవాడు, వీధిలోనో రైలుపెట్టెలోనో తనకెదురుగా కూర్చున్న అపరిచితుని చూచినప్పుడు కూడ దానినే అడుగగలడు. చిల్లర పాత్రలకు పూర్వగాథలు కల్పించే వ్యాపకం పిల్లల ఆట కాదనడానికి నాకు తోచిన కారణం ఇదే.

ఐతే ఈ విద్యకు ఒక రోగం కూడ ఉన్నది. పూర్వగాథ పాత్రను విడుదల చేయవచ్చును, బంధింపనూ వచ్చును. 1980 నాటి చిత్రంలో బోబా ఫెట్ అనే వేటగాడు ముసుగు తీయడు. పలికేది నాలుగు మాటలకు మించదు. ఆ మౌనమే అతనికి ప్రసిద్ధి తెచ్చినది. 2002లో వచ్చిన చిత్రం అతనికి బాల్యాన్ని కల్పించి, ఒక మహాసైన్యం మొత్తం అతని తండ్రి ప్రతిరూపమేనని చెప్పినది. 1999లో వచ్చిన మరొక చిత్రం, సి త్రీ పీ ఓ అనే పరిచారక యంత్రాన్ని నిర్మించినది బాల్యంలోని అనాకిన్ అనీ, అనగా తరువాత డార్త్ వేడర్‌గా మారిన మహాదుష్టుడేననీ చెప్పినది. ఎవరో ఎక్కడో కొన్న సేవకుడు చివరకు నాయకుని తండ్రి చేతిపని అయినాడు. ఇట్లు ప్రతి దారాన్నీ ఒకే కుటుంబపు ముడికి కట్టినకొద్దీ, నక్షత్రమండలం చిన్న పల్లెటూరవుతుంది. మొదటి చిత్రంలో పానశాల ఇచ్చిన అనుభవం దీనికి సరిగా వ్యతిరేకం: ఇందరున్నారు, వీరికి ల్యూక్ ఎవరో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు అన్న అనుభవం. అందుచేత పూర్వగాథను పరీక్షించుటకు ఒక కొలత చెప్పవచ్చును. నాయకుని తీసివేసినా ఆ కథ నిలుస్తుందా? సుత్తితలవాని తోట నిలుస్తుంది. నీటిరైతు పటం నిలుస్తుంది.

ఈ కొలతకు లొంగని చిత్రమైన ఉదాహరణ మరొకటి ఉన్నది. 1980 చిత్రంలో మబ్బులలోని నగరాన్ని ప్రజలు విడిచి పరుగెత్తే సమయంలో, నారింజరంగు దుస్తులు ధరించిన ఒక మనిషి, చేత తెల్లని పరికరం ఒకటి పట్టుకొని పరుగెడతాడు. అది చూచేవారికి ఇండ్లలో ఐస్‌క్రీము చేసుకొనే యంత్రం వలె కనిపించినది. 1990 దశకంలో వచ్చిన ఒక చీట్లాట, ప్రతి చీటిమీద ఒక పేరు అచ్చువేయవలసియుండుటచేత, అతనికి విల్రో హుడ్ అని నామకరణం చేసినది. అభిమానులు తమ సమావేశాలలో అదే వేషం ధరించి, అదే పరికరం పట్టుకొని, గుంపుగా పరుగెత్తడం ఒక వేడుకగా చేసుకొన్నారు. 2019లో ప్రారంభమైన 'ది మాండలోరియన్' అనే ధారావాహికలో ఆ పరికరమే విలువైన లోహాన్ని భద్రపరిచే పెట్టెగా కనిపించి, కామ్టోనో అనే పేరు పొందినది. నవ్వుతో మొదలైన విషయానికి ముప్పది తొమ్మిదేండ్ల తరువాత గౌరవప్రదమైన అర్థం దొరికినది. ఆ మనిషి ఏమి కాపాడుకొంటూ పరుగెత్తినాడో అని ఇందరు ఇన్నాళ్ళు తలచుకోవడమే అతనికి దక్కిన కథ.

ఇక అధికారం మాట. మన పురాణాలకు యజమాని లేడు. వాల్మీకి చెప్పని ఉడుత, రంగనాథ రామాయణంలో సేతువు దగ్గర ఇసుక రాల్చినది. దానిని కాదనుటకు ఎవరికీ హక్కు లేదు. పాఠాంతరాలు ఒకదాని పక్కన ఒకటి బ్రతుకుతవి. స్టార్ వార్స్‌కు యజమాని ఉన్నాడు. ఇందువలన జరిగిన సంఘటనలు రెండు చెప్పుకోదగినవి. తోడేలు మోమువానికి 1995 సంపుటంలో రీవ్స్ స్టీవెన్స్ దంపతులు ఒక ప్రేమకథ వ్రాసినారు. రెండేండ్లకు, 1997లో, లూకాస్ తన తొలిచిత్రాన్ని సవరించి మరల విడుదల చేసినప్పుడు, ఆ పాత మాస్కు నచ్చక, ఆ ముఖం కనిపించే ఖండికను తీసివేసి, మరొక జీవిని ప్రవేశపెట్టినాడు. కథ మిగిలినది, మనిషి పోయినాడు. రెండవది ఇంకను పెద్దది. 2012లో డిస్నీ సంస్థ ఈ ప్రపంచాన్ని కొన్నది. 2014 ఏప్రిల్ 25న, చిత్రాలనూ మరికొన్నింటినీ మినహాయించి, అంతవరకు వచ్చిన నవలలు, కథలు, ఆట పుస్తకాలలోని చరిత్ర ఇకమీద ప్రమాణం కాదనీ, అవి గాథలు మాత్రమేననీ ప్రకటించినారు. పానశాలలోని వారందరూ ఒక్కరోజులో తమ గతాలను కోల్పోయి, మరల అపరిచితులైనారు.

అయినను ఖాళీ ఎక్కువకాలం నిలువలేదు. తొలిచిత్రానికి నలువది ఏండ్లు నిండిన 2017లో, 'ఫ్రమ్ ఎ సర్టెన్ పాయింట్ ఆఫ్ వ్యూ' అనే పేర, ఆ చిత్రపు నేపథ్యంలోని పాత్రలను గూర్చి నలువది కథల సంపుటం వచ్చినది. రచయితలు పారితోషికం పుచ్చుకొనలేదు. పిల్లలకు పుస్తకాలు అందజేసే ఒక ధర్మసంస్థకు విరాళం చేరినది. పానశాల నడిపే వూహర్ ఇందులో మరల కనిపిస్తాడు. యంత్రమానవులను లోపలికి రానీయనని చిత్రంలో అతడు గద్దించడం అందరికీ తెలిసినదే. ఎందుకు? 1995లో డేవిడ్ బిషాఫ్ ఒక కథ చెప్పి, చివరకు ఒక యంత్రాన్నే అతనికి తోడుచేసినాడు. 2017లో చక్ వెండిగ్ అతని ద్వేషం వెనుక పాత యుద్ధకాలపు యంత్రసైనికుల జ్ఞాపకాన్ని ఉంచినాడు. ఒక గద్దింపు, రెండు గతాలు. యజమాని శాసనం ప్రకారం రెండవది ప్రమాణం. చదువరి మనస్సులో రెండును చోటు చేసుకొంటవి; విరాధునికీ ఉడుతకూ చోటిచ్చిన మనస్సే అది.

ఇంతవరకు కల్పించిన గతాలను గూర్చి చెప్పితిని. చెప్పవలసినది మరొకటి మిగిలినది. ఆ తొడుగుల లోపల నిజమైన మనుష్యులు ఉండిరి. గ్రీడో అనే ఆకుపచ్చ వేటగానిని చూడండి. ఎల్‌స్ట్రీలో ఆ తొడుగు లోపల ఉన్నవాడు పాల్ బ్లేక్ అనే నటుడు, తరువాత అమెరికాలో తీసిన ఖండికలలో ఉన్నది మరియా డి అరగాన్ అనే నటి, గొంతు మరొకరిది. ముగ్గురు కలిసి ఒక వేషం. ఆ పానశాలలో కూర్చున్నవారిలో పెక్కుమంది పేర్లు చిత్రాంతంలోని పట్టికలో కనిపించవు. టోనికా సోదరీమణులకు జాన్ వ్రాసిన కథ ఉన్నది. తెరమీద ఆ అక్కచెల్లెండ్రుగా కనిపించిన క్రిస్టీన్ హ్యూవెట్, ఏంజెలా స్టెయిన్స్ అక్కచెల్లెండ్రు కారు.

ఇందుకు విపర్యయమైన సంగతి కూడ ఉన్నది. ల్యూక్ స్నేహితుడైన బిగ్స్ పాత్రకు పూర్వగాథ ఎవరూ తరువాత కల్పించవలసిన పని లేకపోయినది. దానిని చిత్రించినారు కూడ. గ్యారిక్ హేగన్ అనే నటుడు ఆ దృశ్యాలలో నటించినాడు. కూర్పులో అవి తొలగిపోయినవి. 1976లోనే అచ్చయిన నవలారూపంలో ఆ స్నేహం మిగిలినది. తెరమీద బిగ్స్ చివరి యుద్ధంలో వచ్చి, మరణించి, పోతాడు. లేని గతాన్ని పొందినవారు కొందరు. ఉన్న గతాన్ని కోల్పోయినవాడు ఇతడు.

జాన్ స్పైరా దర్శకత్వాన 2015లో వచ్చిన 'ఎల్‌స్ట్రీ 1976' అనే వార్తాచిత్రం ఈ మనుష్యులను వెదకికొని పోయినది. పదిమంది అందులో తమ బ్రతుకులు చెప్పుకొంటారు. డేవిడ్ ప్రౌజ్ వలె పెద్ద పాత్ర ధరించినా ముఖం కనిపించనివారు కొందరు. పాల్ బ్లేక్, గ్యారిక్ హేగన్ వంటివారు కొందరు. పామ్ రోజ్ వలె తల పెంచిన వేషంతో పానశాలలో కూర్చొని పోయినవారు కొందరు. ఆనాడు వారికి అది మరొక కొద్దిరోజుల పని. తరువాత ఏండ్ల తరబడి అభిమానుల సమావేశాలలో బల్లవేసుకొని కూర్చొని, ఆ కొద్దిరోజుల పేర సంతకాలు చేస్తూ వచ్చినారు. పట్టికలో పేరున్నవాడు, పేరులేనివాడు పక్కపక్కన కూర్చొని సంతకం పెట్టుటకు సమానులేనా అన్న తగవు వారిలో వారికే ఉన్నది. ఆ చిత్రం దానిని దాచలేదు. కల్పిత ప్రపంచంలో కొమ్ములవానికీ సుత్తితలవానికీ దొరికిన గౌరవం, ఆ కొమ్ములు మోసినవానికి దొరుకుటకు దాదాపు నలువది ఏండ్లు పట్టినది.

కావున ఈ చరిత్రనుండి మనం గ్రహించవలసినది, పూర్వగాథ కల్పించినంతమాత్రాన న్యాయం జరిగిపోదని. వర్తకుడు పేరు పెట్టినాడు, అట్టపెట్టెకు కావలసియుండుటచేత. ఆటగాడు జాతిని కల్పించినాడు, అడిగినవానికి జవాబు చెప్పవలసియుండుటచేత. రచయిత హృదయాన్ని కల్పించినాడు. యజమాని ఒక ప్రకటనతో రద్దు చేసినాడు. మరల మరొక రచయిత వచ్చి మొదలు పెట్టినాడు. ఈ పరంపరలో అభిమానించదగినది ఆ మొండి కుతూహలం. అది వేషం దగ్గర ఆగక, తొడుగు లోపల చెమటతో తడిసి, ఆనాటి కూలి పుచ్చుకొని, పేరు అచ్చు కాకుండా ఇంటికి పోయిన మనిషిదాక పోయినప్పుడే ఆ కుతూహలం పూర్ణమైనదని చెప్పవలెను.

మన నాటకాలలో ద్వారపాలకుడుగా ఈటె పట్టి నిలిచి, ఒక్క మాటయైన పలుకకుండ తెర దిగేవరకు ఉండేవాడు ప్రతి ఊరిలోను ఉండును. రాజు ఎవరో అందరికీ జ్ఞాపకమే. మరునాడు పొలందారిలో ఎదురైనప్పుడు, ఆ ఈటె పట్టినవానిని పేరు పెట్టి పలుకరించేవారు ఎందరు?